ఐదు శాతం మీగడ

వెమ్‌లుండ్‌లో అందరూ అందరినీ నువ్వనే అంటారు. చర్చి పాదిరిని, బడిపంతుల్ని, పన్నుల ఆఫీసరుని, ఎవరినైనా సరే. ‘మీరు’ అన్న మాట ఆ పశ్చిమ జట్లాండ్ ఇళ్ళలో పెట్టె అడుగున మడతపెట్టి ఉంటుంది. రాణిగారు ఎప్పుడైనా ఆ దారిన వస్తే ఆమె కోసం, లేదా మాట తెగిపోయిన మనిషి కోసం. అబెలోనె దాన్ని ఆరేళ్ళపాటు డాక్టరు లౌట్రుప్ ఒక్కడి కోసమే బయటికి తీసింది.

ఆమె పక్కింట్లో నేను పదకొండేళ్ళు ఉన్నాను. ఈ కథ ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. విన్న ప్రతిసారీ నిన్ననే జరిగినట్టు పళ్ళు కొరుకుతూ చెప్పేది. కోపం చల్లారితే కథ పాచిపోతుందని ఆమె భయం.

అబెలోనె ఇరవయ్యారేళ్ళు ఊరి సహకార డెయిరీలో వెన్నకు మార్కులు వేసింది. బోలుగా ఉండే పొడుగాటి కడ్డీని వెన్నముద్దలో దించి, ఒక చుట్టు తిప్పి, పైకి లాగేది. ముందు ముక్కు, తర్వాత నాలుక. పదిహేనుకి మార్కులు. ఆమె చేతిలో పదిహేను పొందిన వెన్న లేదు. “పదిహేను వేస్తే ఆవుకి పొగరెక్కుతుంది” అనేది. మీగడ అయితే చెంచాడు నోట్లో వేసుకుని అందులో వెన్న ఎంత శాతమో చెప్పేసేది. డెయిరీలో కొలిచే మిషను ఒకటి ఉండేది. మిషను ఒకమాట, అబెలోనె నాలుక ఒకమాట చెబితే, మిషను బాగుచేసేవాడికి ఫోను చేసేవాళ్ళు.

ఎనభై తొమ్మిది నవంబరులో డెయిరీ మూతపడింది. పాలన్నీ ట్యాంకర్లలో పట్నం ఫ్యాక్టరీకి పోసాగాయి. డిసెంబరులో అబెలోనెకి నొప్పి మొదలైంది. ఆమె చేసిన తప్పల్లా అదే. నొప్పికి ముహూర్తం సరిగా చూసుకోలేదు.

పందిమాంసం వేపుడు మీద మీగడ పులుసు పోసుకుని తింటే, అరగంటకి కుడి పక్కటెముకల కింద ఎవరో పిడికిలి బిగించినట్టు ఉండేది. అక్కడినుంచి వీపు మీదికి, భుజం కిందికి పాకేది. గంటో రెండు గంటలో వంటింటి సింకు అంచు పట్టుకుని నిలబడేది. తర్వాత ఏమీ ఎరగనట్టు పోయేది. జిల్లా ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ చేశారు. పెద్ద డాక్టరు లౌట్రుప్ ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చి బొమ్మ చూశాడు.

“రాయి లేదు, ఇసుక లేదు, గోడ నున్నగా ఉంది. ఇంత అందమైన పిత్తాశయం నాకుంటే ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుందును” అన్నాడు.

“మరి నొప్పి?”

“డెయిరీ ఎప్పుడు మూశారు, అబెలోనె?”

“నవంబరులో.”

“నొప్పి ఎప్పుడొచ్చింది?”

“డిసెంబరులో.”

లౌట్రుప్ విద్యార్థుల వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. “చూడు అబెలోనె. నీ పైత్యం పొట్టలో లేదు. పైకెక్కి తలలో కూర్చుంది.”

విద్యార్థులు నవ్వారు. ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, పాపం మర్యాదస్తుడు.

“వెన్న మానెయ్. నూనెతో చేసే మార్గరిన్ ఉందిగా, వెన్న బదులు అది వాడు. వెన్న తీసిన పాలు తాగు. ఊళ్ళో అల్లికల క్లబ్బు ఉందిగా, అందులో చేరు.”

అబెలోనె లేచి కోటు బొత్తాలు కిందినుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకుంది. “మీరు చెప్పింది విన్నాను, డాక్టరు గారూ” అంది.

ఆ గదిలో నడి చలికాలంలో కిటికీ తెరిచినట్టయిందని ఆమె భర్త ఐనార్ చెప్పేవాడు. విద్యార్థుల నవ్వు ఆగిపోయింది. లౌట్రుప్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికి వస్తూ కారులో ఐనార్ అడిగాడు. “పిచ్చిదానివి అన్నందుకా నీ కోపం?”

“పిచ్చి అంటే పడతాను. మార్గరిన్ అన్నాడు.”

అప్పటినుంచి ఆరేళ్ళు. లౌట్రుప్ కాపురం వెమ్‌లుండ్ శివార్లోనే, సముద్రం వైపు రోడ్డులో. తప్పించుకునే దారి లేదు. శనివారం కొట్లో వరసలో అతను ఆమె వెనక నిలబడితే ఆమె పక్కకి జరిగేది. “మీరు ముందుకి రండి డాక్టరు గారూ, మీకు తొందర పనులుంటాయి.” కొట్లో ఉన్నవాళ్ళందరూ అరల్లోని డబ్బాలను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టేవాళ్ళు. నలుగురిలో మీరు అనిపించుకోవడమంటే అక్కడ వీపు మీద చీటీ అంటించుకుని తిరగడమే. ఒక క్రిస్మస్‌కి చర్చి మెట్ల మీద లౌట్రుప్ చెయ్యి చాచాడు. “పండగ శుభాకాంక్షలు, అబెలోనె. ఇంక చాల్లే, నన్ను నువ్వు అనవూ?” అన్నాడు.

“మీకూ, మీ ఇంట్లో వాళ్ళకీ శుభాకాంక్షలు” అంది ఆమె, ఊలు తొడుగు తియ్యకుండానే చెయ్యి అందించి.

ఆమె పగ అంతటితో ఆగేది కాదు. కానీ ఒకసారి చేతికి చిక్కిన పగని చేజేతులా వదులుకుంది. అది చెబితేగానీ తర్వాతది అర్థం కాదు. ప్రతి వేసవిలోనూ పశువుల సంతలో ఇళ్ళలో చిలికిన వెన్నకి పోటీ ఉంటుంది. డెయిరీ పోయినా మార్కులు వేసేది అబెలోనే. ఆ ఏడు డాక్టరు భార్య కూడా ఒక పళ్ళెం పెట్టింది. పళ్ళాల మీద పేర్లుండవు. కానీ ఆ నీలంపూల పళ్ళెం ఎవరిదో ఊరందరికీ తెలుసు. అబెలోనె కడ్డీ దించింది, వాసన చూసింది, నాలుక మీద పెట్టుకుంది. మూడు వేద్దామని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడి, పలక మీద పదమూడు అని రాసింది. మొదటి బహుమతి దానికే వచ్చింది. అబెలోనె వారంరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

“అబద్ధం వెయ్యలేకపోయావా, ఒక్కసారికి?” అన్నాడు ఐనార్.

“చెయ్యి వేస్తానంది. నాలుక పడనివ్వలేదు, దరిద్రపుది.”

రోగుల ఫిర్యాదులు వినే కమిటీకి ఉత్తరం రాసింది. ఆమె అడిగింది ఒక్కటే. లౌట్రుప్ తన చేత్తో ‘నేను పొరబడ్డాను’ అని ఒక వాక్యం రాసి ఇవ్వాలి. నష్టపరిహారం వద్దు, శిక్ష వద్దు, ఒక్క వాక్యం. పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయని లౌట్రుప్ జవాబిచ్చాడు. కొత్త సాక్ష్యం ఏదైనా ఉంటే పంపమని కమిటీ ఆమెకి రాసింది. ఆ కాగితాన్ని అబెలోనె చెంచాల సొరుగులో పెట్టుకుంది. రోజుకి మూడుసార్లు కళ్ళబడే చోట.

తొంభై ఐదు శీతాకాలంలో ఊరికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఆమె అబెలోనె కాగితాలు ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పింది. “వీళ్ళందరూ సంచిలో రాయి ఉందా అనే చూశారు. సంచి పని చేస్తోందా అని ఎవరూ చూడలేదు. నిలబెట్టి ఫొటో తీశారు గానీ, నడిపించి చూడలేదు” అంది. జిల్లా ఆసుపత్రికి కొత్త కెమెరా వచ్చిందనీ, పైత్యరసం కదలికని అది గంటన్నరసేపు బొమ్మలు తీస్తుందనీ చెప్పింది.

“ఆ బొమ్మ కమిటీకి పంపొచ్చా?” అని మాత్రం అడిగింది అబెలోనె.

పరీక్ష చేసే అమ్మాయి పేరు సిసెల్. వసపిట్ట. నరంలోకి మందు ఎక్కిస్తూ, “ఇది కాసేపు వెలిగే మందు అబెలోనె, భయపడకు. రేపటికి ఒంట్లోంచి పోతుంది. కాలేయం దీన్ని పీల్చుకుని పైత్యరసంలో వదులుతుంది. రసం ఎక్కడికి పోతే అక్కడ తెర మీద చుక్కలు పడతాయి” అంది. అబెలోనె కదలకుండా పడుకుంది. తెర మీద ముందు కాలేయం మబ్బులా తేలింది. తర్వాత దాని కింద చిన్న బేరికాయ ఒకటి నిండుతూ వచ్చింది. అది పిత్తాశయం. ఆరేళ్ళుగా నిందలు మోసిన సంచిని ఆమె తల తిప్పి కన్నార్పకుండా చూసింది.

“ఇప్పుడు మీగడ తాగాలి” అంది సిసెల్, చిన్న గ్లాసు అందిస్తూ. “కొవ్వు తగిలితే సంచి పిండుకుంటుంది. మూడోవంతు కన్నా ఎక్కువ ఖాళీ అయితే బాగున్నట్టు. కాకపోతే బద్ధకపు సంచి అన్నమాట.”

అబెలోనె ఒక గుక్క తాగింది. నోట్లోనే ఆపింది.

చిక్కగా ఉంది. కానీ ఆ చిక్కదనం వెన్నది కాదు, పిండిది. నాలుకకి జావలా అంటుకుంది, గొంతులో జారలేదు. ముప్పై ఎనిమిది శాతం ఉండే అసలు మీగడ కాదు. కాఫీలో పోసుకునే పదమూడు శాతానిదీ కాదు. ఐదు. మహా అయితే ఐదున్నర. పదిహేనుకి రెండు మార్కులు, అవీ గ్లాసు శుభ్రంగా ఉన్నందుకు.

గుటక వేసింది. గ్లాసు ఖాళీ చేసి తిరిగిచ్చింది.

గంట గడిచింది. బేరికాయ బేరికాయలాగే ఉంది. సిసెల్ లెక్కలు కట్టి, చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “నేను చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి. పదకొండు శాతం. ఇంత సోమరిపోతు సంచి నేను చూడలేదు. కాదులే, చూశాను, ఈ నెలలో ఇలాంటివి అయిదో ఆరో వచ్చాయి. నీటిలో ఏముందో మరి ఈ జిల్లాలో!”

వారానికి ఉత్తరం వచ్చింది. పిత్తాశయం పని చేయడం లేదు, ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. ఐనార్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు పైకి చదివి, “అంత చెడ్డగా ఏం లేదు” అన్నాడు. పశ్చిమ జట్లాండ్‌లో మనిషి సంతోషంతో గంతులేస్తే వచ్చే మాట అది. “ఇంకేం? కమిటీకి పడెయ్. నీ వాక్యం నీకొస్తుంది.”

అబెలోనె కవరు మీద చిరునామా రాసింది. స్టాంపు అంటించింది. దాన్ని చెంచాల సొరుగులో పెట్టి, బంగాళాదుంపలు చెక్కడానికి కూర్చుంది. నాలుగు రోజులు అది అక్కడే ఉంది.

అయిదోరోజు మధ్యాహ్నం ఐనార్ సొరుగు లాగి, కవరు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. “పగ చేతికొచ్చింది. మొహం మాత్రం పులిసిన పాలలా పెట్టుకున్నావు. ఏమైంది?”

“ఐదు శాతం.”

“పదకొండు కదా?”

“సంచి సంగతి కాదు. మీగడ. వాళ్ళిచ్చింది మీగడ కాదు, పిండినీళ్ళు. అది తాగి ఎవరి సంచి కదులుతుంది? నీది కదలదు, పాదిరిది కదలదు.”

ఐనార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఎవరికి తెలుసు ఆ సంగతి?” అన్నాడు.

“నా నాలుకకి.”

“అది మాట్లాడకుండా ఉంటే?”

“ఆరేళ్ళు! ఆరేళ్ళు కాచుకున్నాను ఐనార్, ఆ మనిషి చేత ఆ మాట రాయించడానికి. కాగితం ఇదిగో, స్టాంపు కూడా ఉంది.” కత్తిని దుంపలో గుచ్చింది. “మంచి మీగడ తాగితే నా సంచి శుభ్రంగా కదిలిందనుకో. అప్పుడు అతనన్నదే నిజం. పైత్యం తలలోనే. ఊరంతా నవ్వుతుంది.”

“అందుకే పంపెయ్ అంటున్నా.”

“ఆ పిల్ల ఏమంది? అయిదారుగురివి ఇలాగే వచ్చాయంది. వాళ్ళ కడుపులు కూడా కోస్తారు, పిండినీళ్ళని నమ్మి.” లేచి ఫోను దగ్గరికి వెళ్ళింది. నంబరు తిప్పుతూ తిట్టింది. లౌట్రుప్‌ని కాదు, తన నాలుకనే. నాకు గోడ ఇవతలికి వినిపించింది. ఆ యాసలో అన్ని తిట్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

సిసెల్ మొదట నమ్మలేదు. “మీగడ మీగడేగా అబెలోనె? వంటింటినుంచి వస్తుంది, మేం పోస్తాం.”

“నువ్వు తాగి చూశావా?”

“నాకెందుకూ!”

“వెళ్ళి డబ్బా మీద ఏముందో చదువు. నేను పట్టుకునే ఉంటా.”

ఫోనులో బూట్ల చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. సిసెల్ ఊపిరి వినిపించింది. “ఐదు శాతం” అంది. “చిక్కదనానికి పిండి కలిపినది.”

రెండు వారాల తర్వాత అబెలోనె మళ్ళీ ఆ బల్ల మీద పడుకుంది. ఈసారి చంకలో సీసాతో వచ్చింది. తెలిసిన రైతు దగ్గర పొద్దున్నే తీయించిన మీగడ. సిసెల్ కూడా కొత్త డబ్బా తెప్పించి ఉంచింది. ఆసుపత్రి నియమం ప్రకారం బయటి సీసా పనికిరాదు. అబెలోనె డబ్బాలోంచి చెంచాడు తీసి రుచి చూసింది. “ముప్పై ఎనిమిది. పన్నెండు మార్కులు. నాదైతే పధ్నాలుగు. సరే, పనికొస్తుంది.”

సిసెల్ ఆ రోజు వసపిట్టలా లేదు. మందు ఎక్కిస్తూ మెల్లగా చెప్పింది. “కిందటేడు మార్చినుంచి ఆ డబ్బాలే వస్తున్నాయట. ఆసుపత్రిలో ఎక్కడా ఐదు శాతం దాటిన మీగడ ఉండకూడదని ఆహార కమిటీ తీర్మానించింది. గుండెలకి మంచిదని. మా పరీక్షకి కొవ్వే మందు అని ఎవరికీ తట్టలేదు, మాకూ తట్టలేదు. పన్నెండు మందిని మళ్ళీ పిలుస్తున్నారు. ఒకామె సంచి అప్పటికే తీసేశారు.”

“ఆ తీర్మానం మీద సంతకం ఎవరిది?”

సిసెల్ సూది తీసి దూది అదిమింది. “నేను చెప్పానని అనకు. ప్రెబెన్ లౌట్రుప్, మన పెద్ద డాక్టరే.”

అబెలోనె పైకప్పు వైపు చూస్తూ నవ్వింది. పొట్ట కదిలింది. “కదలకు, బొమ్మ చెడుతుంది!” అని సిసెల్ అరిచింది.

మీగడ తాగిన పది నిమిషాలకి బేరికాయ ముడుచుకోవడం మొదలైంది. ఇరవై నిమిషాలకి సగమైంది. యాభై రెండు శాతం. సంచి బ్రహ్మాండంగా పని చేస్తోంది. అబెలోనె నవ్వు ఆగిపోయింది. లౌట్రుప్ మెడ దొరికింది గానీ, అతని మాట గెలిచింది. అందమైన పిత్తాశయం, ఫ్రేము కట్టించదగ్గది. ఆ బల్ల మీద పడుకుని చర్చి మెట్లు, కొట్టు, ఊరి మొహాలు అన్నీ ఒక్కసారి చూశానని చెప్పేది.

అప్పుడు పిడికిలి బిగుసుకుంది. పక్కటెముకల కింద, సరిగ్గా అదే చోట. వీపు మీదికి పాకింది.

“సిసెల్, వచ్చింది.”

“ఏమొచ్చింది?”

“అదే! తెర చూడు, నన్ను కాదు!”

సంచిలోంచి పిండిన రసమంతా దిగువ గొట్టంలో నిలబడిపోయింది. కొన్ని చుక్కలు పేగులోకి జారాయి, అంతే. గొట్టం ఉబ్బి తెర మీద తెల్లటి గీతలా వెలుగుతోంది, కట్ట వేసిన కాలువలా. పేగు దగ్గర ద్వారం తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. సంచి పిండేకొద్దీ ద్వారం బిగుసుకుంటోంది. సిసెల్ పరుగెత్తి డాక్టరుని పిలుచుకొచ్చింది. ఆయన తెరకి ముక్కు ఆనించి చూసి, “నొప్పి ఎంత ఉంది?” అన్నాడు.

“పదిహేనుకి పదిహేను” అంది అబెలోనె, పళ్ళ మధ్యనుంచి. జీవితంలో ఆమె వేసిన మొదటి పదిహేను అది.

పిండినీళ్ళకి సంచి కదలలేదు కాబట్టి ద్వారం సంగతి ఎవరికీ తెలియలేదు. మొదటి బొమ్మని నమ్మి సంచి తీసేసి ఉంటే, బాగున్న సంచి పోయేది, నొప్పి ఉండేది. ‘చూశావా, తలలోనే’ అని లౌట్రుప్ ఇంకో ఇరవయ్యేళ్ళు అనేవాడు. పెద్ద ఆసుపత్రిలో ద్వారం బిగువు కొలిచి చూసి, నోట్లోంచి గొట్టం దించి ఆ కండరాన్ని కాస్త కోశారు. మూడురోజుల్లో అబెలోనె ఇంటికొచ్చింది.

రెండో బొమ్మనీ, డబ్బా మీది చీటీ నకలునీ కమిటీకి పంపింది. అయితే కమిటీ జవాబు రాకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం లౌట్రుప్ తానే వచ్చాడు. బేకరీ రొట్టెల సంచి ఒక చేతిలో, కవరు ఒక చేతిలో. ఐనార్ లోపలికి పిలిచి నన్ను కూడా కూర్చోమన్నాడు. సాక్షి ఉంటే మంచిదని కాబోలు.

“అబెలోనె, నేనే రాశాను. ఎవరూ రాయమనలేదు” అన్నాడు లౌట్రుప్, కవరు బల్ల మీదికి జరిపి.

ఆమె కళ్ళజోడు తెచ్చుకుని నిదానంగా చదివింది. ‘నేను పొరబడ్డాను. రెండుసార్లు. మొదటిసారి నీ విషయంలో, రెండోసారి మీగడ విషయంలో. నువ్వు చెప్పకపోయి ఉంటే ఇంకా ఎంతమంది విషయంలోనో తెలియదు.’

“నువ్వు ఊరుకుని ఉంటే మొదటి కాగితంతోనే నన్ను ముంచేసి ఉండేదానివి. ఎందుకు ఊరుకోలేదు?” అన్నాడతను.

“అది మీకు అర్థం కాదు. మీరు మార్గరిన్ తినే మనిషి.”

ఐనార్ కాఫీలోకి చూస్తూ దగ్గాడు. లౌట్రుప్ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. “మరి ఉత్తరం?”

“పదకొండు మార్కులు.” కాగితాన్ని మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. “నిజం ఉంది. ఉప్పు తగ్గింది. పైత్యం తలలో ఉందన్న మాట, ఆ ఇద్దరు కుర్రాళ్ళ ముందు అన్న మాట, అది ఇందులో లేదు.”

లౌట్రుప్ కలం తీశాడు. ఆమె కాగితం ఇవ్వలేదు. “కాదు. అది మీరు వాళ్ళ ముందే చెప్పాలి. ఇప్పుడు వాళ్ళూ డాక్టర్లయి ఉంటారు. వెతికి పట్టుకోండి.”

అతను వెతికాడు. ఒకడు ఆల్‌బోర్గ్‌లో, ఒకడు కోపెన్‌హేగన్‌లో. ఇద్దరూ ఆమెకి ఉత్తరాలు రాశారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడిది బాగుందని, దానికి పదమూడు వేసింది.

ఆ జూన్‌లో ఊరి సమావేశపు ఇంట్లో వేసవి విందు జరిగింది. పొడుగాటి బల్లలు, కాఫీ కూజాలు, మధ్యలో పొరలపొరల కేకు, మీద గరిటెలతో పోసిన మీగడ. అబెలోనె ఖాళీ కుర్చీలు ఎన్ని ఉన్నా అన్నీ దాటుకుని వెళ్ళి, లౌట్రుప్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. పెద్ద ముక్క వేసుకుంది. అతని కళ్ళలోకి చూస్తూ, చెంచా తర్వాత చెంచా, తొందర లేకుండా తింది. మీగడని నాలుక మీద ఆపి, మింగి, మళ్ళీ చెంచా ముంచింది. బల్ల చుట్టూ మాటలు తగ్గాయి. అరగంట గడిచింది. గోడ గడియారం చూసింది, చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుంది, తీసింది. రెండో ముక్క వేసుకుంది.

లౌట్రుప్ పళ్ళెంలో ఒట్టి కేకు, మీగడ గీకేసి ఉంది. కాసేపటికి అతను మెల్లగా అన్నాడు. “ఆ మీగడ గిన్నె కొంచెం ఇటు జరుపుతావా, అబెలోనె?”

అబెలోనె గిన్నె ఎత్తి, మూతి తుడుచుకుని, బల్ల మీదుగా అందించింది.

“తీసుకోండి, డాక్టరు గారూ. ముప్పై ఎనిమిది శాతం. మీకు పడుతుందో లేదో, పరీక్ష చేయించుకున్నారా?”